గోడకుర్చీకి తర్జుమా

ఉషారాణి పెళ్ళయి బరంపురం వచ్చిన కొత్తలో, ఆమె నోరు విప్పితే చాలు అత్తవారి వీధిలో ఆడవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవారు. ఆమె గంజాం అవతల, రుషికుల్య సముద్రంలో కలిసే చోట, కొత్తదిబ్బ అనే పల్లెలో పుట్టింది. చేపల వేటకెళ్ళి బతికే ఇళ్ళ పిల్ల. అక్కడ 'ఏటి' అంటారు, 'సెప్పు' అంటారు, 'ఎల్లొస్తాను' అంటారు. కాలేజీలో ఒడియా, బజారులో పట్నం తెలుగు మాట్లాడి మాట్లాడి పదేళ్ళకి ఆ యాసని నాలుక కింద దాచేసుకుంది. తీరా చూస్తే ఆమెకి ఉద్యోగం దొరికింది ఆ యాస వల్లనే.

కోర్టుల వెనక వీధిలో ఒక అద్దె మేడ ఉంది. దాని పై అంతస్తులో సర్కారుకి న్యాయసలహాలు రాసిచ్చే చిన్న ఆఫీసు ఒకటి నడిచేది. ఏ శాఖకైనా చట్టం దగ్గర అనుమానం వస్తే ఫైలు అక్కడికి వచ్చేది. ఆఫీసు పెద్ద పాఢీ బాబు. అరవైకి దగ్గర పడ్డ ఒడియా బ్రాహ్మడు, షుగరు మనిషి, సిబ్బంది మీద ఎప్పుడూ గొంతు పెంచి ఎరగడు. ఉషారాణి కూతురు నవ్య కడుపులో ఉన్నప్పుడు, కాంట్రాక్టు ఉద్యోగానికి లేని సెలవు తన పూచీ మీద ఇప్పించిన మనిషి. తీరం వాళ్ళ తెలుగు ఆయనకి అర్థం కాదు. బరంపురంలో కోమటి కొట్ల తెలుగు తెలిసినవాళ్ళు వంద మంది దొరుకుతారు గాని, పల్లెకారు గబగబా మాట్లాడితే అందుకుని ఒడియాలోనూ ఇంగ్లీషులోనూ పెట్టగలిగిన మనిషి ఆ మేడలో ఉషారాణి ఒక్కతే. టైపు చేసేది, తర్జుమా చేసేది. అలా పదిహేడేళ్ళు గడిచాయి. ఏటేటా మార్చి నెలలో కాంట్రాక్టు కాగితం మీద సంతకం పెట్టించుకునేవారు.

ఆ ఏడు ఫిబ్రవరిలో ఆమెని ఒక విచారణకి తర్జుమా కోసం పంపారు. ఎవరి వాంగ్మూలమో అక్కడికి వెళ్ళాక గాని తెలియలేదు. కుర్చీ అంచున చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మనిషి కొత్తదిబ్బ మసేను. వరసకి అన్న. చిన్నప్పుడు ఆమెని భుజాల మీద కూర్చోబెట్టుకుని కెరటాల్లోకి నడిచినవాడు.

సంగతేమిటంటే, తీరంలో ఎవరిదో బోటు ఇంజను చోరీ అయింది. అనుమానం మీద మసేనుని ఠాణాకి తీసుకుపోయారు. మూడు రోజులు ఉంచుకుని, నాలుగో రోజు కోర్టుకి చూపించారు. బెయిలు మీద ఇంటికొచ్చినవాడి కుడి భుజం పైకి లేవలేదు. అతని భార్య గురువమ్మ ఆ భుజాన్ని, వాచిన కాళ్ళని ఫోటోలు తీయించి, పై అధికారులకి ఫిర్యాదు పెట్టింది. దాని మీద ఈ విచారణ.

గదిలో విచారణాధికారి, రాసుకునే గుమాస్తా, మసేను. తలుపు పక్కన ఆ ఠాణా ఎస్సై. ఆయన అక్కడ ఉండకూడదు. కాని ఉన్నాడు. ఉషారాణి లోపలికి రాగానే ఆయన ఒడియాలో నవ్వుతూ పలకరించాడు.

"మీదీ ఆ పల్లేనట కదా? మీ తమ్ముడు అర్జున్ బోటు నాకు తెలుసు. బాగున్నాడా?"

"బాగున్నాడు సార్," అంది ఆమె. అర్జున్ ఆ వారమే కొత్త వలలు వేసుకుని సముద్రంలోకి వెళ్ళాడు. అది తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలం, వేట మీద ఆంక్షలుండే రోజులు. ఏ బోటునైనా ఆపాలంటే ఆపడానికి వంద కారణాలు దొరుకుతాయి.

మసేను ఆమె మొహం చూసి, దేవుడే ఆమెని పంపినట్టు నిటారుగా కూర్చున్నాడు.

"సెల్లీ, నువ్వా! అయితే నానేటి సెప్పినా ఈళ్ళకి తెలస్తది," అని మొదలుపెట్టాడు. "తీసుకెల్లిన్నాడు పొద్దుట్నించి నిలబెట్టీసినారు. సేతులు కిటికీ సువ్వకి పైకెత్తి కట్టీసినారు. కాళ్ళు ఇరిగి కూలబడిపోతే ఇప్పి, గోడకుర్సీ ఏయించినారు. పడితే లేపీవోరు, మళ్ళీ ఏయించీవోరు. కునుకొస్తే మొకం మీద నీళ్ళు పోసీవోరు. రెండు రాత్రులు కన్ను మూయనీనేదు సెల్లీ. ఇంజనెక్కడ, ఇంజనెక్కడ. నాకు తెలస్తే కదా."

ఉషారాణి ఒడియాలో చెప్పడం మొదలుపెట్టింది. చేతులు కిటికీ చువ్వలకి, అంది. 'కట్టేశారు' అన్న మాట గొంతులోకి వచ్చేసరికి తలుపు వైపు ఒక చూపు పడింది. ఆ మాట అక్కడే ఉండిపోయింది. మసేను చువ్వలు పట్టుకుని నిలబడ్డట్టు గుమాస్తా రాసుకున్నాడు. గోడకుర్చీకి ఒడియాలో చటుక్కున మాట దొరకలేదు. గోడ, కుర్చీ అని రెండు మాటలూ విడివిడిగా పలికింది.

గుమాస్తా తలెత్తాడు. "గోడ పక్కన కుర్చీ ఇచ్చారా?"

ఆమె నోరు తెరిచే లోపలే ఎస్సై అందుకున్నాడు. "ఇవ్వకేం? మేము మాత్రం మనుషులం కాదా? నీళ్ళు కూడా ఇచ్చాం, చెప్పాడు కదా."

విచారణాధికారి ఉషారాణి వైపు చూశాడు. ఒక్క క్షణం. కాదండీ, కుర్చీ లేకుండా గాల్లో కూర్చోబెట్టడాన్ని గోడకుర్చీ అంటారు, అని చెప్పడానికి ఆ క్షణం చాలు. ఆమె తల వంచుకుంది. అవునని అనలేదు, కాదనీ అనలేదు. గుమాస్తా కలం కుర్చీనీ, నిద్ర వచ్చినప్పుడు నీళ్ళనీ రాసుకుంటూ సాగిపోయింది. చివర్లో 'తర్జుమా సరిగా ఉంది' అన్న చోట సంతకం పెట్టింది. మసేను బొటనవేలి ముద్ర వేసి, లేస్తూ, "అంతా సెప్పీసినావు కదా?" అన్నాడు. ఆమె తలూపింది.

మెట్లు దిగాక కుళాయి దగ్గర మొహం కడుక్కుంది. ఎవరు చదువుతారు ఆ కాగితాన్ని, ఫైల్లో పడి ఉంటుంది అనుకుంది. డాక్టరు రిపోర్టు ఉంది, ఫోటోలు ఉన్నాయి, అవి మాట్లాడతాయి అనుకుంది.

ఐదు వారాల తర్వాత ఆ ఫైలు నడుచుకుంటూ ఆమె బల్ల మీదికే వచ్చింది.

పోలీసు అధికారి మీద కేసు నడపాలంటే ప్రభుత్వం అనుమతి కావాలి. మసేనుకి జరిగినది హింస కిందికి వస్తుందా, లేక విచారణలో మామూలుగా జరిగేదేనా, అనుమతి ఇవ్వాలా వద్దా చెప్పమని పై నుంచి పాఢీ బాబుని సలహా అడిగారు. ఆయన ఎప్పటిలాగే కళ్ళు మూసుకుని, కుర్చీలో వెనక్కి వాలి, ఇంగ్లీషులో చెప్పుకుపోయాడు. ఉషారాణి టైపు చేసింది.

"మన చట్టంలో చిత్రహింస అన్న మాటకి విడిగా నిర్వచనం లేదు. ప్రశ్నించడం పోలీసు విధి. ప్రశ్నించినప్పుడు మనిషికి కొంత అసౌకర్యం తప్పదు. అసౌకర్యం వేరు, హింస వేరు. ఫిర్యాదుదారు స్వయంగా ఇచ్చిన వాంగ్మూలం ప్రకారమే, అతను కొంతసేపు కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత గోడ పక్కన కుర్చీ ఇచ్చారు. నిద్ర వచ్చినప్పుడు నీళ్ళు ఇచ్చారు. ఎముక ఏదీ విరగలేదు. కాబట్టి..."

కీబోర్డు చప్పుడు ఆగిపోయింది. పాఢీ బాబు కళ్ళు తెరిచాడు.

"ఏమైంది?"

"సార్, కుర్చీ ఇవ్వలేదు."

"వాంగ్మూలంలో ఉంది కదమ్మా."

"అది నా తర్జుమా సార్. అతనన్నది గోడకుర్చీ. అంటే..." అని ఆమె లేచి, బీరువా పక్కన ఖాళీ గోడకి వీపు ఆనించి, మోకాళ్ళు వంచి చూపించింది. చీర కుచ్చిళ్ళు నేలకి జీరాడాయి. "ఇలాగ, కింద ఏమీ లేకుండా. పడిపోతే లేపి మళ్ళీ ఇలాగే. నీళ్ళు తాగడానికి ఇవ్వలేదు, మొహం మీద పోశారు. చేతులు కట్టేశారు."

పాఢీ బాబు లేచి వెళ్ళి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

"లే. కూర్చో," అన్నాడు. "ఆ రోజు ఎందుకు చెప్పలేదు?"

ఆమె ఎస్సై సంగతి చెప్పలేదు. చెబితే అది ఇంకో కాగితమవుతుంది. దానికి ఋజువు ఏముంది? తమ్ముడు బాగున్నాడా అని అడగడం ఏ చట్టంలో తప్పు?

"భయపడ్డాను సార్."

"భయం ఫైల్లో ఉండదు ఉషారాణీ. ఫైల్లో నీ సంతకం ఉంది. ఇప్పుడు తప్పు అంటే ఏమవుతుందో తెలుసా? విచారణలో తెలిసి తెలిసి తప్పు తర్జుమా ఇచ్చావని నీ మీద కేసు. ఆ ఎస్సై మీద కేసు కావాలంటే పై నుంచి అనుమతి రావాలి. నీ మీదకి ఎవరి అనుమతీ అక్కర్లేదు." ఆయన గొంతులో బెదిరింపు లేదు. నిజంగానే ఆమె కోసం బాధపడుతున్నాడు. "నేను నా ఎదురుగా ఉన్న కాగితాల మీద సలహా రాస్తాను. కాగితంలో కుర్చీ ఉంది. టైపు చెయ్యి."

ఆమె టైపు చేసింది. పాఢీ బాబు సంతకం అయింది. సాయంత్రానికి ఫైలు వెళ్ళిపోయింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం వంటింట్లో ఎవరూ లేనప్పుడు ఉషారాణి గోడకి వీపు ఆనించి కూర్చుంది, కింద పీట లేకుండా. మొదట ఏమీ అనిపించలేదు. కుక్కరు ఒక విజిల్ వేసింది. తొడల్లో సన్నగా వణుకు మొదలైంది. రెండో విజిల్‌కి వణుకు కడుపులోకి వచ్చింది. మోకాళ్ళ వెనక ఎవరో తాడు పెట్టి లాగుతున్నట్టుంది. మూడో విజిల్ రాకుండానే జారి నేల మీద పడింది. మోచెయ్యి తగిలి గిన్నె దొర్లింది.

భర్త కొండలు పరుగెత్తుకొచ్చాడు. బస్టాండులో పార్సిలు ఆఫీసులో పని చేస్తాడు, నెమ్మదస్తుడు. "ఏమైంది? కళ్ళు తిరిగినాయా?"

అప్పుడు ఆమె మొత్తం చెప్పింది. కొండలు గిన్నె తీసి గట్టు మీద పెట్టి, ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"నువ్వు కొట్టినావా? కట్టినావా?" అన్నాడు. "ఒక మాట అటూ ఇటూ అయింది. ఆ ఫైలు పోయింది. మార్చి నెలాఖరు ఇది. నీ కాంట్రాక్టు కాగితం వాళ్ళ చేతుల్లో ఉంది. పిల్ల పదో తరగతి. ఊరుకో ఉషా."

ఊరుకుంది. మార్చి నెలాఖరున సంతకం పెట్టింది. కాంట్రాక్టు ఇంకో ఏడాదికి పెరిగింది. పాఢీ బాబు స్వీట్లు తెప్పించాడు. ఆమె ఒక ముక్క తీసుకుని రుమాలులో కట్టుకుంది, తినలేదు.

ఏప్రిల్‌లో గురువమ్మ ఆఫీసుకి వచ్చింది. ఎండన పడి గంజాం నుంచి బస్సులో వచ్చి, మేడ మెట్ల మీద కూలబడి, ఉషారాణి దిగేదాకా కూర్చుంది. చేతిలో మడతలు పడ్డ ఒక ఉత్తరం.

"ఉసా, ఇదేటో సదువే. పోస్టులో ఒచ్చింది. మన పక్కింటి కాసులు సదివి ఏటేటో సెప్పినాడు, నాను నమ్మనేదు."

అనుమతి నిరాకరించినట్టు ఆ ఉత్తరం. కారణాలు రెండు వరుసల్లో ఉన్నాయి. ఆ వరుసలు ఉషారాణికి కంఠతా వచ్చు.

"మీ అన్నకి కుర్సీ ఏసి కూకోబెట్టినారని రాసినారటే?" అంది గురువమ్మ. "ఎవులు సెప్పినారు ఆ మాట? నువ్వక్కడే ఉన్నావు కదా. నువ్వు మన పిల్లవి, అంతా సెప్పే ఉంటావు. మజ్జిలో ఎవులో మార్సీసుంటారు. ఎవులంటావు?"

మెట్ల మీద జనం ఎక్కుతున్నారు, దిగుతున్నారు. ఉషారాణి ఉత్తరం మడత పెట్టి వెనక్కి ఇచ్చింది.

"ఇంటికెళ్ళు వదినా. ఆదివారం నేనే వస్తాను."

అన్న మాట ప్రకారం వెళ్ళింది. మసేను ఇంటి అరుగు మీద వల ఒళ్ళో వేసుకుని, ఎడం చేత్తో చిరుగులు కుడుతున్నాడు. పుట్టినప్పటి నుంచి కుడి చేతివాటం మనిషి. పడవ మీదికి అతన్ని ఎవరూ పిలవడం లేదు, వల లాగలేడు కాబట్టి. ఉషారాణి కింద కూర్చుని, చూపు నేల మీద పెట్టి, చెప్పాల్సింది చెప్పింది. మార్చింది మధ్యలో ఎవరో కాదు, నేనే, అంది. అర్జున్ గురించి ఎస్సై అడిగినది కూడా చెప్పింది.

గురువమ్మ లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఆ వెళ్ళడం వెళ్ళడమే, మళ్ళీ బయటికి రాలేదు.

మసేను సూది ఆపాడు. "నాను సెప్పింది నీకు తెలిసిందా, నేదా?"

"తెలిసింది అన్నా."

"గోడకుర్సీ అంటే తెలుసా?"

"తెలుసు."

"మరి?"

మసేను మళ్ళీ సూది అందుకున్నాడు. దూరం నుంచి అర్జున్ కొడుకు మేనత్తని చూసి పరుగెత్తుకొచ్చి ఆమె మెడ పట్టుకుని వేలాడాడు. వాడిని ఎత్తుకుంటే తప్ప అక్కడి నుంచి లేవడానికి ఆమెకి వంక దొరకలేదు.

ఆ మర్నాడు ఉషారాణి ఒక కాగితం రాసింది. ఇంగ్లీషులో, ఒడియాలో, తెలుగులో. ఫలానా తేదీ వాంగ్మూలంలో మూడు చోట్ల తర్జుమా తప్పు. కట్టేశారన్న మాట నేను పలకలేదు. గోడకుర్చీ అంటే కుర్చీ కాదు, శిక్ష. నీళ్ళు ఇవ్వలేదు, పోశారు. తప్పు నాది, అని కింద సంతకం పెట్టింది. పాఢీ బాబు బల్ల మీద ఉంచితే ఆయన చదివి, వేలితో మెల్లగా ఆమె వైపుకే తోసేశాడు.

"ఇది నేను చూడలేదు. చింపేసి ఇంటికి పో."

"నేను చింపలేను సార్."

"అయితే నా చేతికి ఇవ్వకు."

ఆమె కాగితాన్ని జిల్లా ఆఫీసు రసీదు కిటికీలో ఇచ్చింది. అక్కడి మనిషి అందులో ఏముందో కూడా చూడకుండా టపీమని ముద్ర కొట్టి నకలు చేతిలో పెట్టాడు. రెండో నకలు వాణికి చేర్చింది. వాణి మసేను తరఫు వకీలు, ఇంకా ముప్పై నిండని పిల్ల. ఆ అమ్మాయి దాన్ని రెండుసార్లు చదివి, "ఆంటీ, మీకు తెలుసా ఇది మీకేం చేస్తుందో?" అని మాత్రం అంది.

వారం తిరక్కుండా నోటీసు వచ్చింది. నీ మీద చర్య ఎందుకు తీసుకోకూడదో పదిహేను రోజుల్లో చెప్పుకోమని. ఆ నెల్లోనే అర్జున్ బోటుని మూడుసార్లు ఆపి సోదా చేశారు. నాలుగోసారికి అర్జున్ అక్కకి ఫోన్ చేశాడు. "అప్పా, నీకు మసేను అన్న కావాల, నాను అక్కర్నేదా?" అని అరిచి పెట్టేశాడు. వర్షాలు పట్టే ముందు కేరళ బోట్లలో పనికి వెళ్ళిపోయాడు. వెళ్తూ బరంపురం స్టేషనులోనే రైలెక్కాడు గాని అక్క ఇంటికి రాలేదు.

వాణి హైకోర్టుకి వెళ్ళింది. ఉషారాణి కాగితం చూసి కోర్టు వాళ్ళు ఆ సలహాని పక్కన పెట్టమన్నారు. సరైన తర్జుమా ఎదురుగా పెట్టుకుని మళ్ళీ ఆలోచించి కొత్తగా చెప్పమన్నారు. ఆ వార్త విన్న రోజు ఉషారాణి చాలా నెలల తర్వాత కడుపునిండా అన్నం తింది.

కొత్త సలహా చెప్పే పని మళ్ళీ పాఢీ బాబుకే వచ్చింది. టైపుకి అదే బల్ల. ఈసారి ఆయన కళ్ళు మూసుకోలేదు. కిటికీ వైపు తిరిగి చెప్పాడు.

"గోడకుర్చీ అనేది బడుల్లో పిల్లలకి సైతం వేసే చిన్న శిక్ష. తెలుగు ప్రాంతాల్లో అందరికీ తెలిసినదే. దాన్ని తీవ్రమైన బాధ అనడానికి వీలు లేదు. మొహం మీద నీళ్ళు పోయడం మెలకువగా ఉంచడానికి. చేతులు కట్టడం పారిపోకుండా..."

ఉషారాణి ఆయన వీపు చూస్తూ కూర్చుంది. మాటలు సరిచేస్తే అర్థం దానంతటదే సరి అవుతుందనుకుంది ఇన్నాళ్ళూ. ఇప్పుడు ఒక్క మాటా తప్పు లేదు.

"సార్, మీరు ఒకసారి కూర్చుని చూడండి," అంది.

"ఏమిటి?"

"గోడకుర్చీ. ఒక్క ఐదు నిమిషాలు."

పాఢీ బాబు ఇటు తిరగలేదు. "నాకు మోకాళ్ళ నొప్పులు ఉషారాణీ," అన్నాడు నెమ్మదిగా. అన్నాక ఆ మాట తన చెవిన పడ్డట్టు ఆగిపోయాడు. తర్వాత ఆపిన చోటి నుంచే మళ్ళీ మొదలుపెట్టాడు.

ఆమె టైపు చేయలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఆయన రెండు నిమిషాలు చూసి, పక్క గదిలోంచి టైపిస్టు శ్యామ్‌ని పిలిచి ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. శ్యామ్ పావుగంటలో పూర్తి చేశాడు.

ఆ సలహాని కూడా వాణి కోర్టులో సవాలు చేసింది. వాదనలు వాయిదాల మీద వాయిదాలు పడుతున్నాయి. పాఢీ బాబు రిటైరయ్యాడు. ఉషారాణిని మాత్రం తీసెయ్యలేదు. కేసులో ఆమె సాక్షి, తీసేస్తే కక్షతో చేశారని కోర్టు అంటుందని భయం. నోటీసుని రద్దు చెయ్యరు, ముందుకి నడపరు. తర్జుమా పని ఇవ్వరు. తనంతట తను మానేస్తే నేరం ఒప్పుకున్నట్టవుతుంది, సాక్ష్యం అయ్యేదాకా కదలొద్దని వాణి చెప్పింది. పదింటికి వెళ్ళి, ఐదింటిదాకా పాత ఫైళ్ళకి నంబర్లు వేసి వస్తుంది.

వాణి ఇంకొకటి కూడా చెప్పింది. "మసేను వాళ్ళతో మాట్లాడకండి ఆంటీ. ఎవరైనా చూస్తే ఇద్దరూ కూడబలుక్కున్నారంటారు. సాక్ష్యం పోతుంది. ఆ పల్లెకి వెళ్ళకపోతే ఇంకా మంచిది."

పుట్టిల్లు ఆ పల్లెలోనే. తల్లికి ఒంట్లో బాగాలేదంటే గంజాం దాకా వెళ్ళి, ఆమెనే ఆటోలో అక్కడికి రప్పించుకుని చూసి వస్తోంది.

మొన్న అలా చూసి తిరిగొస్తుంటే గంజాం నుంచి బరంపురం బస్సు కిక్కిరిసి ఉంది. ఉషారాణి కమ్మీ పట్టుకుని నిలబడింది. రెండు సీట్ల అవతల గురువమ్మ, చేపల గంప కాళ్ళ దగ్గర పెట్టుకుని కూర్చుని ఉంది. ఇద్దరి చూపులూ కలిశాయి. గురువమ్మకి కూడా వాణి చెప్పే ఉంటుంది. మాట్లాడకూడదు.

గురువమ్మ మొహం కిటికీ వైపు తిప్పుకుంది. తర్వాత పక్కనున్న ముసలమ్మని కాస్త జరగమని, తను కిటికీకి నొక్కుకుని, గంపని కాలితో లోపలికి తోసి, సీటులో జానెడు చోటు చేసింది. ఎవరికని చెప్పలేదు. ఉషారాణి వచ్చి కూర్చుంది. ఛత్రపురం దాటింది. ఇద్దరి భుజాలూ బస్సు కుదుపులకి రాసుకుంటున్నాయి. ఒక్క మాట లేదు. బరంపురం దగ్గర పడ్డాక గురువమ్మ గంప ఎత్తుకోవడానికి లేవబోయింది. ఉషారాణి కూడా లేచి చెయ్యి అందించి, గంపని ఆమె తల మీదికి ఎత్తింది. గురువమ్మ జనాన్ని తోసుకుంటూ దిగిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు.